అంచు మీది మామిడి పిందె

మొన్న ఉగాదికి మా ఇంట్లో ఒక చిన్న పంచాయితీ నడిచింది. పచ్చడి తినడం అయ్యాక, అవ్వ పాత పెట్టె తీసి చీరలకు కాస్త గాలి తగలనిద్దామనుకున్నాం. అడుగున తొమ్మిది గజాల నూలు చీర ఒకటి ఉంది. వంకాయ రంగు చీర, పసుపు అంచు. అంచు పొడవునా మామిడి పిందెలు వరుసగా, ఒక్కొక్కటి బొటనవేలంత.

పుణేలో చదువుకుంటున్న మా ఇంటి పిల్ల అది చూసి, "అబ్బ, పైస్లీ ఎంత బాగుంది!" అంది. గుడి ఎత్తి, శ్రీఖండ్ గిన్నె పట్టుకుని వచ్చిన పక్కింటి కాకూ ఊరుకోలేదు. "పైస్లీ కాయ్, కోయరీ ఆహే తీ" అంది. పెద్దబాపు గోడకు ఆనుకుని కూర్చున్నాడు, నలభై ఏండ్లు సాంచాలు నడిపిన మనిషి. "గది పిందె. మామిడి పిందె. అంతే" అన్నాడు.

ఒకే బొమ్మకు ఒకే గదిలో మూడు పేర్లు. నవ్వుకున్నాం గానీ, ఆ మాట మమ్మల్ని వదల్లేదు. ఈ బొమ్మ ఎక్కడ పుట్టింది, ఎవరి చేతుల్లో ఏ అర్థం తొడుక్కుంది అని కొన్నాళ్లు చదివాం, పెద్దవాళ్లను అడిగాం. కొంతం చౌక్‌లో పుట్టి పెరిగిన మనకు మామిడి కొత్తదేమీ కాదు. కానీ రోజూ చూసే కాయకు ఇంత పెద్ద కథ ఉంటుందని మేం అనుకోలేదు.

చెట్టు కింద తల్లి

ముందు చెట్టు సంగతి. మన దేశపు శిల్పంలో మామిడి కాయకంటే మామిడి చెట్టే ముందు కనిపిస్తుంది. సాంచీ పెద్ద స్తూపం తూర్పు తోరణం దగ్గర ఒక యక్షి మామిడి కొమ్మ పట్టుకుని ఊగుతున్నట్టు నిలబడి ఉంటుంది. రెండు వేల ఏండ్ల కిందటి శిల్పం అది. చెట్టు నిండా కాయలు. ఆ కాలంలో దాని అర్థం సూటిగానే ఉంది: పంట, సంతానం, ఇంటి నిండుతనం. అదే స్తూపం ఉత్తర తోరణం మీద మామిడి చెట్టుకు ఇంకో అర్థం. శ్రావస్తిలో బుద్ధుడు మామిడి టెంకను అప్పటికప్పుడు చెట్టుగా మొలిపించాడన్న కథ అక్కడ చెక్కారు. అక్కడ చెట్టు ధర్మం గొప్పతనానికి గుర్తు. ఒకే స్తూపానికి రెండు వైపులా ఒకే చెట్టుకు రెండు అర్థాలన్నమాట.

మనకు దగ్గరలో ఉన్నది ఎల్లోరా. కైలాసం చూసి అలసిపోయి చాలామంది అక్కడి నుంచే వెనక్కి తిరుగుతారు. ఈసారి పోతే 32వ గుహ దాకా నడవండి. అక్కడ అంబిక ఉంది, జైనుల తల్లి దేవత. మామిడి చెట్టు కింద కూర్చుని ఉంటుంది, ఒడిలో బిడ్డ, పక్కన సింహం. జైన కథల ప్రకారం ఆమె మామూలు గృహిణి. ఇంటికి వచ్చిన సాధువుకు అన్నం పెట్టినందుకు అత్తవారు ఇంట్లోంచి వెళ్లగొట్టారు. ఇద్దరు పిల్లలతో దారి పట్టింది. పిల్లలు ఆకలని ఏడిస్తే ఎండిపోయిన మామిడి చెట్టు కాయలు కాసి ఆదుకుంది. అందుకే శిల్పులు ఆమె చేతిలో మామిడి గుత్తి పెడతారు. ఇల్లు వదిలి బిడ్డలతో దారి పట్టిన తల్లికి దొరికిన ఆసరా అది. వలస వచ్చిన ఇళ్లవాళ్లకు ఆ కథ వేరే వివరించి చెప్పక్కర్లేదు.

దక్షిణాన కంచిలో శివుడు ఏకామ్రనాథుడు, ఒక్క మామిడి చెట్టు కింద వెలిసినవాడు. ఆ చెట్టు నాలుగు కొమ్మలు నాలుగు వేదాలని అంటారు. మన చుట్టాల్లో ఏకాంబరం అన్న పేరు వినే ఉంటారు, ఆ పేరు వెనక ఉన్నది ఆ చెట్టే. ఇక మన్మథుడి ఐదు బాణాల్లో మామిడి పూత ఒకటి. అంటే మామిడి ఒకచోట తల్లి, ఒకచోట వేదం, ఇంకోచోట వలపు. మన ఇళ్లలో మాత్రం గుమ్మానికి కట్టిన ఆకు, ఉగాది పచ్చడిలో వగరు ముక్క.

పొద పిందె అయిన సంగతి

ఇప్పుడు అంచు మీది బొమ్మ దగ్గరికి వద్దాం. ఇక్కడ మాకు ఒక దెబ్బ తగిలింది. ఆ బొమ్మ మొదట మామిడిది కాదు.

ఇరాన్‌లో దాన్ని బోతా అంటారు, అంటే పొద, చిన్న మొక్క. మనం చీర మీద బుటా అంటామే, ఆ మాట అక్కడిదే. గాలికి తల వంచిన సరుగు లాంటి చెట్టు అది అని కొందరు అంటారు. అజర్‌బైజాన్‌లో దాన్ని మంటగా చూస్తారు. మొఘలుల కాలంలో కాశ్మీరు శాలువల కొంగు మీద అది నిజంగానే పూలమొక్క. వేరు, కాడ, ఆకులు, పూలు విడివిడిగా కనిపించేవి. తరం తర్వాత తరం నేస్తూ పోతుంటే పూలు దగ్గర దగ్గరగా చేరి గుత్తి అయ్యాయి, గుత్తి చుట్టూ గీత వచ్చింది, పైకొన ఒక పక్కకు ఒరిగింది. 18వ శతాబ్దం చివరికి వచ్చేసరికి మనం ఇవాళ చూసే ఆకారం తయారైంది.

ఆ ఆకారాన్ని చూసి ఎవరి పెరటిలో ఏముంటే ఆ పేరు పెట్టుకున్నారు. కాశ్మీరులో బాదం అన్నారు. పంజాబులో అంబీ. మరాఠీలో కోయరీ. కాకూ వాళ్ల ఇంట్లో హళదీ కుంకూకు వాడే ఆ ఆకారపు డబ్బీ పేరు కూడా కోయరీయే. మన నేతగాళ్లు మామిడి పిందె అన్నారు.

ఈ పేర్లలో ఒకటి గమనించాం. మనవాళ్లు దాన్ని మామిడి పండు అనలేదు. మన భాషలో మామిడికి పూత, పిందె, కాయ, పండు అని ఒక్కో వయసుకు ఒక్కో పేరు. అందులో ఏరి ఏరి పిందెను పట్టుకున్నారు. చెట్టు మీద నిలవాలి, పెరగాలి, గాలివాన తట్టుకోవాలి, అంత ముందున్నది పిందెకే. పెళ్లికూతురి చీర మీదికి, శ్రీమంతం చీర మీదికి అది ఊరికే రాలేదనిపిస్తుంది. ఈ బొమ్మ వేరే దేశపు పొద నుంచి వచ్చినా, పిందె అన్న పేరు మాత్రం మనవాళ్లు పెట్టిందే.

మన తీరాన కూడా ఈ రాకపోకలు ఉన్నాయి. గోల్కొండ రాజుల కాలంలో మచిలీపట్నం రేవు నుంచి ఇరాన్‌కు కలంకారీ బట్టలు ఓడల్లో పోయేవి. వాళ్లకు ఇష్టమైన పొదలు, చెట్లు మనవాళ్ల కలం మీద ఎక్కాయి. కొనేవాడు బోతా అనుకుని కొన్నాడు, అద్దినవాడు పిందె అనుకుని అద్దాడు. బేరం మాత్రం కుదిరింది.

ఒక ఊరు పేరు ఎత్తుకుపోయింది

మా పిల్ల అన్న పైస్లీ ఏమిటంటే, స్కాట్లాండ్‌లో ఒక ఊరు. నేతగాళ్ల ఊరే, మన సోలాపూర్ లాగా.

18వ శతాబ్దం చివర్లో కాశ్మీరు శాలువలు ఐరోపాకు చేరాయి. నెపోలియన్ భార్య జోసెఫీన్ వాటిని ఇష్టపడటంతో దొరసానులందరికీ మోజు పట్టింది. అసలు శాలువ ఖరీదు చాలా ఎక్కువ, ఒకటి నేయడానికి నెలలు, ఒక్కోసారి ఏడాది దాటేది. చిన్న చిన్న కర్ర కండెలతో, రంగు రంగుకూ పోగులు లెక్కపెట్టి నేయాలి. ఆ లెక్క కాగితం మీద ఒక గుర్తుల భాషలో రాసి ఉంటుంది, దాన్ని తాలీమ్ అంటారు. పైస్లీ నేతగాళ్లు 19వ శతాబ్దం మొదట్లో ఆ శాలువలకు నకళ్లు నేయడం మొదలుపెట్టారు. 1804లో ఫ్రాన్సులో జకార్డు అనే ఆయన చేసిన యంత్రం తర్వాత వాళ్లకూ అందింది. దాంతో నకలు చౌకగా, త్వరగా తయారైంది. కొన్నాళ్లకు ఆ బొమ్మకే ఊరి పేరు అంటుకుంది. కాశ్మీరు పేరు పక్కకు పోయింది.

ఈ బొమ్మ దొరల ఇళ్లలో హోదాకు గుర్తు. 1846 అమృత్‌సర్ సంధిలో, కాశ్మీరును 75 లక్షల రూపాయలకు తీసుకున్న గులాబ్ సింగ్ ఏటా ఇంగ్లీషు ప్రభుత్వానికి ఒక గుర్రం, పన్నెండు శాలువ మేకలు, మూడు జతల కాశ్మీరు శాలువలు ఇవ్వాలని రాసుకున్నారు. ఏలికకు లొంగినందుకు కట్టే కప్పంలో కూడా శాలువ చేరిందన్నమాట.

నేసినవాడికి మాత్రం ఆ బొమ్మ వేరే అర్థంలో తెలుసు. కాశ్మీరులో శాలువ నేతగాళ్ల మీద పన్నుల భారం ఎంత ఉండేదంటే, 1865 ఏప్రిల్ 29న శ్రీనగర్‌లో వాళ్లు వీధిలోకి వచ్చారు. సైన్యం మీద పడింది. తప్పించుకోబోయి నీళ్లలో పడి చనిపోయినవాళ్లు 28 మంది అని చరిత్రకారులు రాస్తారు. 1870లో ఫ్రాన్సుకు, ప్రష్యాకు యుద్ధం రావడంతో పెద్ద బజారు మూతపడింది. ఫ్యాషన్ కూడా మారింది, పైస్లీలోనూ శాలువ మగ్గాలు ఆగిపోయాయి. నకలు నేసినవాడు గెలిచాడు అనుకోవడానికి లేదు. ఒకే బొమ్మ నేసిన ఇద్దరూ ఒకే దశాబ్దంలో కూర్చుండిపోయారు.

ఇది చదువుతుంటే పెద్దబాపు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మన చాదర్ కథ గిదే కదరా" అన్నాడు.

సోలాపూర్‌కు వచ్చిన పిందె

మన సంగతి మీలో చాలామందికి తెలుసు, అయినా పిల్లల కోసం రాస్తున్నాం. సోలాపూర్‌కు 1860లో రైలు వచ్చింది. 1876-78లో దక్కన్ అంతా కరువు. ఆ కరువు మధ్యలోనే 1877లో ఇక్కడ మొదటి బట్టల మిల్లు, సోలాపూర్ స్పిన్నింగ్ అండ్ వీవింగ్ మిల్లు, మొదలైంది. ఇవాళ్టికీ పెద్దవాళ్లు జూనీ మిల్లు అంటారు. నిజాం ఇలాకాలోని తెలంగాణ ఊళ్ల నుంచి పద్మశాలీలు ఎన్నో కుటుంబాలుగా ఇక్కడికి వచ్చారు. కొందరు మిల్లులో చేరారు, కొందరు ఇంట్లోనే మగ్గం పెట్టుకున్నారు. ఆడవాళ్లు ఒడిలో చాట పెట్టుకుని బీడీలు చుట్టారు. సాఖర్ పేట, కన్నా చౌక్, కొంతం చౌక్ వైపు గల్లీల్లో మగ్గం చప్పుడు, తెలుగు మాట కలిసే వినిపించేవి. నారళీ పౌర్ణమికి మార్కండేయ రథం బయలుదేరితే ఇప్పటికీ ఊరంతా కదిలి వస్తుంది.

తొమ్మిది గజాల చీరలు కట్టేది మరాఠీ ఆడవాళ్లు, నేసేది మనవాళ్లు. అందుకే మా ఇంట్లో ఆ అంచుకు రెండు పేర్లు. బజారులో అమ్మేటప్పుడు కోయరీ, ఇంటికి వచ్చాక పిందె. తర్వాత చీరలు తగ్గి చాదర్లు వచ్చాయి, చేమగ్గం పోయి సాంచా వచ్చింది. చాదర్ మీద నెమళ్లు, పూలు, మూలల్లో పిందెలు.

పిందెను జకార్డు మీద ఎట్లా నేస్తారో పెద్దబాపును అడిగి రాసుకున్నాం. ముందు గళ్ల కాగితం మీద బొమ్మ వేయాలి. ఒక్కో గడి ఒక్కో పోగు. తర్వాత దాన్ని బట్టి అట్టలకు చిల్లులు కొట్టాలి. చిల్లు ఉన్నచోట పడుగు పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. ఒక్కో పేకకు ఒక అట్ట. అంగుళానికి 48 పేకలు పడే నేత అనుకుంటే, రెండంగుళాల పిందెకు 96 అట్టలు కావాలి. అట్టలన్నీ దారంతో కుట్టి దండ చేసి సాంచా మీద వేలాడదీస్తారు.

"కడుపు వెయ్యడం అలక. కొన వంచుడే కష్టం" అన్నాడు పెద్దబాపు. గళ్లలో వంకర గీత వేస్తే మెట్లు మెట్లుగా వస్తుంది. ఒక్క గడి అటూ ఇటూ అయితే పిందె కొన ముక్కులా పొడుచుకొస్తుంది. మంచి చేయి ఉన్నవాడు వేస్తే మెట్లు కంటికి కనపడవు. ఎవరి కొన ఎట్లా వంగుతుందో చూసి ఎవరి కార్ఖానా మాలో చెప్పేవాళ్లట.

సోలాపూర్ చాదర్‌కు భౌగోళిక గుర్తింపు వచ్చింది. అయినా వేరే ఊళ్లలో చౌకగా నేసిన సరుకు మన ఊరి పేరుతోనే బజారులో అమ్ముడుపోతోంది. పైస్లీ కాశ్మీరుకు చేసినది మనకూ జరుగుతోంది. అయితే మనం కూడా ఇంకొకరి బొమ్మను మనదిగా నేసినవాళ్లమే కదా అని మాలో ఒకరు అన్నారు. దానికి పెద్దబాపు, "బొమ్మ తీసుకుంటే తప్పు గాదు. పేరు తీసుకుంటెనే తప్పు" అన్నాడు.

మిల్లులో దేవుడైన పండు

బొమ్మకు అర్థం ఇంట్లో పుడితే ఒక తీరు, పైనుంచి వచ్చి పడితే ఇంకో తీరు. దీనికి చైనా నుంచి ఒక ఉదాహరణ చెప్పాలి, అదీ ఒక బట్టల మిల్లుదే.

1968 ఆగస్టులో పాకిస్తాన్ విదేశాంగ మంత్రి మావోకు మామిడి పండ్ల బుట్ట ఇచ్చాడు. మావో వాటిని తినకుండా బీజింగ్‌లో కార్మికుల దళాలకు పంపించాడు. చైనాలో ఆ ప్రాంతాల్లో చాలామంది మామిడి చూసి ఎరుగరు. నాయకుడు తన నోటి దగ్గరిది కార్మికులకు ఇచ్చాడని ఆ పండు ఒక్కసారిగా పూజకెక్కింది. మైనంతో నకళ్లు చేసి గాజు పెట్టెల్లో పెట్టారు. కప్పుల మీద, బిళ్లల మీద, రజాయిల మీద మామిడి బొమ్మలు వచ్చాయి. మావో వైద్యుడు తన జ్ఞాపకాల్లో ఒక బట్టల మిల్లు సంగతి రాశాడు. అక్కడ ఒక పండును మైనం పూసి వేదిక మీద పెట్టారట, కార్మికులు వరుసగా వచ్చి దండం పెట్టేవారట. అది కుళ్లడం మొదలుపెడితే తొక్క తీసి పెద్ద గంగాళంలో నీళ్లలో మరిగించి, తలా ఒక చెంచా తాగారట.

రెండేళ్లు తిరగకుండానే ఆ మోజు అణిగిపోయింది. ఆ కార్మికుల భక్తిని మేం వెక్కిరించడం లేదు, ఆ చెంచా నీళ్లు వాళ్లకు ఎంతో కొంత అర్థమై ఉంటాయి. కానీ ఆ అర్థం ఇంట్లో వంట దగ్గర, తొట్టెల దగ్గర పుట్టలేదు, ఆజ్ఞతో వచ్చింది. ఆ కాలం పోయేసరికి అదీ పోయింది.

అవ్వ చెప్పిన అర్థం

మళ్లీ ఆ చీర దగ్గరికి వస్తున్నాం.

అది అవ్వ పెళ్లి చీర కాదని ఆ రోజే మాకు తెలిసింది. పెద్దబాపు చెప్పాడు. అవ్వకు మొదటి ఇద్దరు పిల్లలు ఏడాది నిండకముందే పోయారు. మూడోసారి కడుపుతో ఉన్నప్పుడు తాత మాటాడకుండా వారం రోజులు రాత్రిళ్లు మేలుకుని ఈ చీర నేశాడు. షావుకారు పని పగలు, ఈ చీర రాత్రి. ఎందుకయ్యా అంత కష్టం, ఉత్త అంచు వేస్తే సరిపోదా అని ఎవరో అంటే అవ్వే జవాబు చెప్పిందట: "చెట్టు మీద పిందె రాలుతది. అంచు మీద పిందె రాలదు."

ఆ మూడో బిడ్డ పెద్దబాపు.

ఇంతకుమించి ఏ పుస్తకంలోనూ మాకు పిందె అర్థం దొరకలేదు. ఎల్లోరా అంబికకు మామిడి గుత్తి ఇచ్చిన శిల్పికీ, రాత్రి దీపం కింద చీర నేసిన తాతకూ మధ్య వెయ్యేళ్లకు పైగా దూరం ఉంది. ఇద్దరూ అనుకున్నది ఒకటే అయి ఉంటుందని మాకు నమ్మకం.

ఇక మా తప్పు కూడా రాయాలి. కొన్నేళ్ల కింద కార్ఖానా మూసినప్పుడు సాంచాలు కిలోల లెక్కన భంగార్‌కు అమ్మాం. అట్టల కట్టలు కూడా అందులోనే వెళ్లిపోయాయి. ఎవరికీ గుర్తు రాలేదు. అటకమీద వెతికితే ఒక్క కట్ట దొరికింది. సగం ఎలుకలు కొట్టాయి. అది పిందెదో నెమలిదో పెద్దబాపు వేళ్లతో చిల్లులు తడిమి చూశాడు. "పిందెనే. కొన దగ్గర అట్టలు పోయినయి" అన్నాడు.

అందుకని మా పిల్ల గళ్ల కాగితం తెచ్చుకుంది. చీరను కిటికీ దగ్గర పరిచి, భూతద్దం పెట్టి పోగులు లెక్కపెడుతోంది. పక్కన కుర్చీ వేసుకుని పెద్దబాపు చెబుతున్నాడు, ఈమె నింపుతోంది. కడుపు భాగం అయిపోయింది. కొన దగ్గర మూడుసార్లు చెరిపింది. కాగితం పైన మొదట పైస్లీ అని రాసుకుంది, ఇప్పుడు దాన్ని కొట్టేసి పిందె అని తెలుగులో రాసింది. ఒత్తు తప్పు పడితే కాకూ మనవడు నవ్వాడు, వాడికి తెలుగు చదవడం వచ్చు.

భివండీలో, సూరత్‌లో, ముంబయిలో, ఇంకా దూరాన ఉన్న మన ఇళ్లలో కూడా ఇలాంటి చీరలు, చాదర్లు పెట్టెల అడుగున ఉండే ఉంటాయి. ఎవరు నేశారో, ఎవరి కోసం నేశారో తెలిసిన పెద్దవాళ్లు ఉంటే ఈ సెలవుల్లో కూర్చుని అడగండి. బొమ్మను వాళ్లు ఏ పేరుతో పిలుస్తారో ఆ పేరుతోనే రాసిపెట్టండి. కొన పూర్తయ్యాక మా గళ్ల కాగితం కూడా మీకు చూపిస్తాం.